పాత స్నో బ్లోయర్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, కెనడాల్లో మంచు పడే ఊళ్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ల కోసం ఈ పేజీ. స్నో బ్లోయర్ అంటే డ్రైవ్‌వే మీది మంచును తీసి దూరంగా విసిరే మెషీన్. నవంబరు వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఇవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. ధరలన్నీ ఉజ్జాయింపుగా అమెరికన్ డాలర్లలో చెప్పాను, మీ ఊళ్లో కాస్త అటూ ఇటూ ఉంటాయి. నా మాట ముందే చెప్పేస్తాను: మెషీన్ వయసును చూసి తీర్పు చెప్పకండి. పోయిన భాగం ఏదో చూసి చెప్పండి.

ఇల్లు కొన్నప్పుడు పాత ఓనరు గరాజ్‌లో స్నో బ్లోయర్ వదిలేసి వెళ్లాడు. పనికొస్తుందా, చెత్తేనా?

వదిలేశాడంటే చెడిపోయిందని కాదు. ఫ్లోరిడాకో, అపార్టుమెంటుకో మారేవాళ్లకి దానితో పనుండదు, రెండొందల పౌండ్ల ఇనుమును వెంట మోసుకెళ్లే ఓపికా ఉండదు. తాడు నాలుగుసార్లు లాగి, స్టార్ట్ కాలేదని పక్కన పడేసే ముందు మూడు విషయాలు చూడండి.

ముందు కీ. చాలా మెషీన్లలో ఇంజిన్ మీద లోపలికి నొక్కి పెట్టే చిన్న ప్లాస్టిక్ కీ ఉంటుంది. అది లేకపోతే స్పార్క్ రాదు, సాయంత్రం దాకా లాగినా ఫలితం లేదు. పాత ఓనరు సామానుతో పాటు అది కూడా వెళ్లిపోయి ఉండొచ్చు. కొత్తది కొద్ది డాలర్లకే దొరుకుతుంది.

తర్వాత ఆయిల్. డిప్‌స్టిక్ తీసి చూడండి. అసలు ఆయిల్ పోసే మూతే కనిపించకపోతే అది టూ స్ట్రోక్ ఇంజిన్ అయి ఉండొచ్చు. 2000ల నాటి దాకా చిన్న మెషీన్లలో ఇవి బాగానే వచ్చాయి. వాటికి ఆయిల్‌ను పెట్రోల్‌లోనే కలిపి పోయాలి, ఎక్కువగా 50 పాళ్ల పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్. ఒట్టి పెట్రోల్ పోసి నడిపితే పిస్టన్ పట్టేస్తుంది, అంతవరకు నిక్షేపంలా ఉన్న ఇంజిన్ ఒక్క ట్యాంకుతో పోతుంది. ట్యాంకు మూత మీదో, పక్కనో ఎంత కలపాలో రాసి ఉంటుంది.

మూడోది, ఇంజిన్ పక్కన కనిపించే మూడు పిన్నుల సాకెట్. ఎక్స్‌టెన్షన్ కార్డు పెట్టి ఇంట్లో కరెంటుతో ఇంజిన్‌ని తిప్పే ఎలక్ట్రిక్ స్టార్టర్ అది. కార్డును ముందు మెషీన్‌కి, ఆ తర్వాతే గోడకి పెట్టాలి. తాడు లాగి లాగి భుజం పట్టేసినవాళ్లలో చాలామందికి తమ మెషీన్‌కి అది ఉందనే తెలియదు.

సింగిల్ స్టేజ్, టూ స్టేజ్ అంటారు. బాగు చేయించడానికీ దానికీ సంబంధం ఏమిటి?

డబ్బు సంబంధం. సింగిల్ స్టేజ్‌లో రబ్బరు తెడ్లున్న ఒకే ఆగర్ (ముందుభాగంలో గిర్రున తిరిగే మర) ఉంటుంది. నేలను రాసుకుంటూ అదే మంచును లాగుతుంది, అదే విసురుతుంది. తేలిక, చిన్నది, ఆరేడు అంగుళాల మంచు దాకా హాయి. టూ స్టేజ్‌లో ముందున్న ఇనప ఆగర్ మంచును నలగ్గొట్టి మధ్యకి తోస్తే, వెనకున్న ఇంపెల్లర్ (ఫ్యానులాంటి చక్రం) దాన్ని చూట్ (పైకి తిరిగిన గొట్టం) గుండా 30, 40 అడుగుల దూరం విసురుతుంది. చక్రాలను కూడా ఇంజినే తిప్పుతుంది.

కొత్త సింగిల్ స్టేజ్ 500 నుంచి 900 డాలర్లు. అందుకే పాత సింగిల్ స్టేజ్ మీద 300 పెట్టి రిపేరు చేయించడం నాకు గిట్టుబాటుగా కనిపించదు, తెడ్లు, కింద నేలను గీకే స్క్రేపర్ మార్చుకోవడం వరకైతే సరే. కొత్త టూ స్టేజ్ వెయ్యి దగ్గర మొదలై, కాస్త గట్టిదైతే రెండు వేలు దాటుతుంది. పైగా టూ స్టేజ్‌లో దాదాపు ప్రతి భాగమూ విడిగా బోల్టు ఊడదీసి మార్చగలిగేదే. అందుకే పాతికేళ్ల టూ స్టేజ్‌కి రిపేరు అర్థవంతం, పదేళ్ల సింగిల్ స్టేజ్‌కి ఒక్కోసారి కాదు.

పోయిన మార్చిలో చక్కగా నడిచింది. ఇప్పుడు ఎంత లాగినా స్టార్ట్ కావట్లేదు. ఇంజిన్ పోయిందా?

ఈ పేజీలో అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలావరకు పోయింది ఇంజిన్ కాదు, పెట్రోల్.

ఇక్కడ బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నెల దాటిన పెట్రోల్‌లో తేలిగ్గా మండే భాగం ఆవిరైపోవడం మొదలవుతుంది. కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే భాగం) అడుగున గిన్నెలో మిగిలిన కాసింత పెట్రోల్ వేసవంతా ఎండి, జిగురై, జెట్ల సన్నని కన్నాలను మూసేస్తుంది. డిసెంబరులో మీరు తాడు లాగినప్పుడు సిలిండరులోకి గాలి తప్ప ఏమీ పోదు.

వరస ఇలా పెట్టుకోండి. పాత పెట్రోల్ పూర్తిగా తీసేసి కొత్తది పోయండి. ట్యాంకు కింద ఫ్యూయల్ వాల్వ్ తెరిచి ఉందా, కీ లోపల ఉందా, చోక్ పూర్తిగా వేశారా, థ్రాటిల్ (వేగం మీట) కుందేలు బొమ్మ వైపు ఉందా చూడండి. ప్రైమర్ బుడగను రెండు మూడుసార్లు నొక్కండి. అప్పటికీ కాకపోతే కొత్త స్పార్క్ ప్లగ్ వేయండి, ఐదారు డాలర్లే.

ఇంకా మొరాయిస్తే అసలు పరీక్ష: ఆటో పార్ట్స్ షాపులో దొరికే స్టార్టింగ్ ఫ్లూయిడ్‌ని కార్బురేటర్ నోట్లోకి ఒక్కసారి, చాలా కొంచెం, స్ప్రే చేసి లాగండి. గరాజ్ లోపల కాదు, బయట, దగ్గర్లో మంట లేకుండా. ఇంజిన్ రెండు క్షణాలు అందుకుని ఆగిపోయిందా? అయితే సంతోషించండి. స్పార్క్ ఉంది, కంప్రెషన్ (సిలిండరులో గాలిని నొక్కే ఒత్తిడి) ఉంది, ఇంజిన్ బతికే ఉంది, పెట్రోల్ అందట్లేదు అంతే. అది కార్బురేటర్ పని. ఆ కారణంగా మెషీన్ మార్చేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఫ్లూయిడ్‌కి కూడా ఉలకకపోతే స్పార్క్ వైపో, కంప్రెషన్ వైపో చూడాలి. స్టార్ట్ అయి, చోక్ తీయగానే ఆగిపోయినా, స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఊగుతున్నా అది మళ్లీ సగం మూసుకున్న జెట్ల లక్షణమే.

కార్బురేటర్‌ని శుభ్రం చేయాలా, కొత్తది వేయాలా?

ఆన్‌లైన్‌లో కాపీ కార్బురేటర్లు 15 నుంచి 40 డాలర్లకు వస్తాయి. కంపెనీది మూడు నాలుగింతలు ఉంటుంది. నా పద్ధతి: ఇంజిన్ పాత హోండాదో, టెకుమ్‌సే కంపెనీదో అయితే కార్బురేటర్ విప్పి, గిన్నె, జెట్లు క్లీనరుతో కడిగి, గ్యాస్కెట్లు, నీడిల్ కొత్తవి వేస్తాను. అసలుది అమరినట్టు చవక కాపీ ఎప్పుడూ అమరదు. మీకు విప్పే ఓపిక లేకపోతే కాపీదే వేసి చూడండి, పోయేదేమీ లేదు. ఇంజిన్ మీదున్న మోడల్ నంబరుతో వెతకాలి, స్నో బ్లోయర్ మోడల్‌తో కాదు.

ఒకసారి బాగుపడ్డాక మళ్లీ అదే గతి పట్టకుండా, పెట్రోల్ కొన్నరోజే అది పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలపండి. మార్చి చివర్లో ఫ్యూయల్ వాల్వ్ మూసేసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపండి. ఇథనాల్ ఇంకా ఎక్కువగా కలిపిన ఈ15, ఈ85 రకాలు ఎప్పుడూ పోయొద్దు.

ఇంజిన్ నిజంగానే పోయిందని ఎలా తెలుస్తుంది?

తాడు లాగితే అడ్డేమీ లేకుండా జారుతున్నట్టు వచ్చేస్తే అనుమానించాలి. కానీ తొందరపడొద్దు. చాలాకాలం వాడని ఇంజిన్లలో వాల్వ్ తెరిచినచోటే పట్టేసుకుని ఉంటుంది. నాలుగు చుక్కల పెనెట్రేటింగ్ ఆయిల్‌తో వదిలిన సందర్భాలు ఎన్నో. కంప్రెషన్ గేజి పెట్టి అంకె తక్కువ వచ్చిందని కూడా కంగారు పడకండి. తాడు సులువుగా లాగడానికి ఈ ఇంజిన్లలో కంప్రెషన్‌ని కాస్త వదిలే ఏర్పాటు ఉంటుంది, గేజి తక్కువే చూపిస్తుంది. సిలిండరులోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతుందో చూసే, షాపువాళ్లు చేసే లీక్ డౌన్ పరీక్షే నమ్మదగింది.

నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ మండుతోందని అర్థం. స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి పోతే పట్టించుకోనక్కర్లేదు. నల్లపొగ అంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, చోక్, కార్బురేటర్ చూడండి. లోపల్నుంచి టకటకమని ఇనప చప్పుడు వస్తే వెంటనే ఆపండి. బ్లాకుకి చిల్లు పడి కనెక్టింగ్ రాడ్ బయటికి తొంగిచూస్తే ఇక పరీక్షలతో పనిలేదు. అది మామూలుగా ఆయిల్ లేకుండా నడిపిన మెషీన్ కథ. చలికి తగిన ఆయిల్ 5డబ్ల్యూ-30, ప్రతి సీజనుకి ఒకసారి మార్చడం పదిహేను నిమిషాల పని.

మా ఇంజిన్ మీద టెకుమ్‌సే, స్నో కింగ్ అని ఉంది. పార్టులు దొరకవని షాపతను అంటున్నాడు. నిజమేనా?

సగం నిజం. టెకుమ్‌సే 2008తో ఇంజిన్ల తయారీ మానేసింది. అంతకు ముందు ఏరియన్స్, టోరో, క్రాఫ్ట్స్‌మన్ వంటి ఎన్నో పేర్ల మీద వచ్చిన మెషీన్లలో చాలావాటిలో ఉన్నది ఈ ఇంజినే. అన్ని మెషీన్లు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి కార్బురేటరు, గ్యాస్కెట్లు, ఇగ్నిషన్ కాయిల్, తాడు స్టార్టరు వంటివి ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. క్రాంక్ షాఫ్టు, పిస్టన్, బ్లాకు వంటివే కష్టం. కాబట్టి బయటి పార్టు పోతే బాగు చేయించుకోండి, లోపలిది పోతే ఇంజిన్ వదులుకోండి. షాపతను ఆ తేడా చెప్పకుండా "దొరకవు" అన్నాడంటే అతనికి ఆ పని చేసే తీరిక లేదని అనుకోవచ్చు.

మిగతాదంతా బాగుంది, ఇంజిన్ ఒక్కటే పోయింది. ఇంజిన్ మాత్రం మార్చొచ్చా?

మార్చొచ్చు, మీరే చేసుకోగలిగితే. పనిముట్ల దుకాణం హార్బర్ ఫ్రైట్‌లో దొరికే 212 సీసీ ప్రెడేటర్ ఇంజిన్‌ని పాత ఏరియన్స్ మెషీన్లకు బిగించడం ఇక్కడ గరాజ్ మెకానిక్కులకు ఇష్టమైన కాలక్షేపం. ముందు మూడు కొలతలు చూసుకోండి. షాఫ్టు మందం కొత్తదానికి ముప్పావు అంగుళం, పాత పెద్ద ఇంజిన్లలో కొన్నింటికి ఒక అంగుళం. షాఫ్టు పొడవు సరిపోకపోతే బెల్టులు ఒకే వరసలోకి రావు. అన్నిటికన్నా ముఖ్యం, కొన్ని పాత టెకుమ్‌సేలకు ఇంజిన్‌లోంచి రెండు షాఫ్టులు బయటికి వస్తాయి: ఒకటి ఆగర్‌కి, ఇంకొకటి చక్రాలకి. మీది అలాంటిదైతే ఈ ఆలోచన మానేయండి.

ఇంకో మాట. స్నో ఇంజిన్లకి చాలావాటికి ఎయిర్ ఫిల్టరే ఉండదు, ఎగిరొచ్చే మంచు అందులో పేరుకుని గడ్డకడుతుందని. కార్బురేటర్ చుట్టూ వేడి నిలిపే డబ్బా కూడా ఉంటుంది. మామూలు ఇంజిన్‌కి ఫిల్టర్ ఉంటుంది, ఆ డబ్బా ఉండదు. ఫిల్టర్ తీసేసి, డబ్బా మీరే అమర్చుకోవాలి. షాపువాళ్ల చేత ఈ పనంతా చేయిస్తే కూలీ ఖర్చులోనే కొత్త మెషీన్ అడ్వాన్సు అయిపోతుంది.

ఇంజిన్ బాగానే ఆడుతోంది, కానీ మంచు విసరట్లేదు. లేదా మెషీన్ ముందుకు కదలట్లేదు.

మంచి జబ్బులివి. చవకవి.

ఆగర్ ఒక వైపు తిరిగి రెండో వైపు తిరగకపోతే షియర్ పిన్ (ఆగర్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న పిన్ను) తెగింది. రెండు వైపులా తిరగకపోతే బెల్టు తెగిందో, వదులైందో, లేదా కేబుల్ సాగిందో. బెల్టు 15 నుంచి 40 డాలర్లు. చక్రాలు తిరగకపోయినా, ఎత్తు ఎక్కేటప్పుడు జారినా ఫ్రిక్షన్ డిస్క్ అరిగిందని అనుకోండి. అడుగున ప్లేటు విప్పితే కనిపించే రబ్బరు చక్రం అది. 15 నుంచి 30 డాలర్లు, ఒక మధ్యాహ్నం పని. దాని మీద గ్రీజు పడితే కూడా జారుతుంది, మార్చే ముందు తుడిచి చూడండి. మెషీన్‌ని ముందుకు ఒంచి నిలబెట్టేముందు పెట్రోల్ తీసేయడం మర్చిపోవద్దు.

తడి మంచు చూట్‌లో ఇరుక్కుంటోంది, పొడి మంచు మాత్రం బాగానే పోతోంది అంటే ఇంపెల్లర్ అంచుకీ దాని చుట్టూ ఉండే ఇనప డబ్బాకీ మధ్య ఖాళీ ఎక్కువుంది. ఆ అంచులకు బిగించే రబ్బరు పట్టీల కిట్లు దొరుకుతాయి. పాత మెషీన్‌కి దీనికి మించిన వరం లేదు.

షియర్ పిన్ మాటిమాటికీ తెగుతోంది. గట్టి బోల్టు వేసేస్తే పోలా?

వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంట్లో ఫ్యూజు చేసే పనే అది చేస్తుంది: న్యూస్‌పేపరు కట్టో, రాయో, గడ్డకట్టిన మంచుపెళ్లో ఇరుక్కున్నప్పుడు తాను తెగి, ఆగర్‌ని తిప్పే గేర్‌బాక్స్‌ని కాపాడుతుంది. దాని స్థానంలో హార్డ్‌వేర్ షాపు ఉక్కు బోల్టు వేస్తే తెగేది గేర్‌బాక్స్. నా లెక్కలో గేర్‌బాక్స్ పగిలిన చవకరకం మెషీన్‌ని బాగు చేయించనక్కర్లేదు, పార్టుకీ కూలీకీ కలిపి మెషీన్ విలువ దాటిపోతుంది.

పాత మెషీన్ ఎవరిదగ్గరైనా చూసినప్పుడు నేను ముందు చేసే పరీక్ష ఇది. ఇంజిన్ ఆపి, కీ తీసి, ప్లగ్ వైరు ఊడదీసి, షియర్ పిన్నులు తీసి, ఆగర్‌ని చేత్తో తిప్పి చూడాలి. షాఫ్టు మీద అది వదులుగా తిరగాలి. తిరగకపోతే ఏళ్లతరబడి గ్రీజు పెట్టక తుప్పుతో షాఫ్టుకి అతుక్కుపోయింది. ఇక పిన్ ఉన్నా లేనట్టే. వేడి చేసి, ఆయిల్ పోసి, రోజుల తరబడి కొడితే ఒక్కోసారి వదులుతుంది. వదలకపోతే ఆ గేర్‌బాక్స్ పగలడానికి ఒక్క రాయి చాలు.

తుప్పు ఎంతవరకు పరవాలేదు?

పైపైన ఎర్రబడితే పరవాలేదు. రోడ్ల మీద చల్లే ఉప్పు తగిలిన ఇనుముకి అది మామూలే. స్క్రేపర్ బార్, స్కిడ్ షూస్ (డబ్బాకి రెండు పక్కలా నేలకు ఆనే ఇనప పాదాలు) అరిగిపోయినా మార్చకుండా నడిపితే డబ్బా అంచే నేలకు రాసుకుని అరుగుతుంది, అక్కడ రేకు కాగితంలా మారిందేమో స్క్రూ డ్రైవరుతో పొడిచి చూడండి. ఇంపెల్లర్ చుట్టూ డబ్బాకి, లేదా పక్కన బేరింగులు కూర్చునే చోట చిల్లు పడితే వెల్డింగుకి డబ్బు పెట్టొద్దు.

షాపులో 350 డాలర్లు అన్నారు. చేయించాలా?

కొత్తదాని ధరలో సగం దాటితే మార్చేయాలని అందరూ చెప్పే లెక్క ఒకటుంది. లెక్క మంచిదే, కానీ ఏ కొత్తదాని ధర? ఇక్కడే పొరపాటు పడతారు. పెద్ద స్టోరులో ముందువరసలో పెట్టే 900 డాలర్ల మెషీన్‌తో మీ పాత ఏరియన్స్‌నో, హోండానో పోల్చకూడదు. ఏరియన్స్ తొలి స్నో బ్లోయర్ 1960లో వచ్చింది. డెబ్భైల నాటి వాళ్ల నారింజ రంగు మెషీన్లు విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో ఇవాళ్టికీ పని చేస్తున్నాయి. వాటి రేకు మందం, పోత ఇనుము గేర్‌బాక్స్ ఈ రోజు కావాలంటే రెండు వేలు దాటిన వరసలోకి వెళ్లాలి. అలాంటిదానికి 350 పెట్టడానికి నేను రెండోసారి ఆలోచించను.

అదే 350, పదేళ్ల చవక మెషీన్ మీదైతే? అందులో ఏం చేస్తారో విడివిడిగా రాయించుకోండి. షాపు కూలీ గంటకు వంద డాలర్ల పైచిలుకు ఉండటం మామూలే. కార్బురేటరు, ఆయిల్, ప్లగ్, బెల్టులు కలిపి అంత అయితే అందులో ఎక్కువ భాగం మీరు ఇంట్లో వంద లోపు చేసుకోగలిగేదే. ఇంజిన్ లోపలి పని అయితే వద్దనండి. ఇంకొకటి కూడా చూడండి: ఈ ఏడాది కార్బురేటరు, వచ్చే ఏడాది బెల్టు, ఆపై ఏడాది టైర్లు అని వరసగా కనిపిస్తుంటే ఒక్కో బిల్లును కాదు, మూడేళ్ల మొత్తాన్ని లెక్కేయాలి.

మాది న్యూజెర్సీ. ఒక్కో ఏడాది మంచే పడదు. అసలు ఇంత ఖర్చు అవసరమా?

మంచి ప్రశ్న. బఫలోలో ఏడాదికి సగటున 95 అంగుళాల దాకా పడుతుంది, అక్కడ స్నో బ్లోయర్ లేకుండా డ్రైవ్‌వే ఉన్న ఇంట్లో ఉండటం కష్టం. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో 2022-23 చలికాలం మొత్తం కలిపి పడింది 2.3 అంగుళాలు. ఎడిసన్‌లోనో, ప్రిన్స్‌టన్ దగ్గరో రెండు కార్ల డ్రైవ్‌వే ఉన్నవాళ్లు పాత మెషీన్ నడుస్తున్నంతకాలం దాన్నే నడిపించుకోవడం మేలు. పోతే పార, అద్దె మనిషి, లేదా చిన్న బ్యాటరీ సింగిల్ స్టేజ్ సరిపోతుంది.

కానీ సగటును నమ్ముకుని అసలేమీ లేకుండా కూర్చోవద్దు. బోస్టన్‌లో 2014-15లో 110.6 అంగుళాలు పడింది, మామూలుగా అందులో సగం కూడా ఉండదు. రోడ్డు మీద మంచు తోసే ప్లౌ ట్రక్ వెళ్తూ మీ డ్రైవ్‌వే చివర కట్టి వెళ్లే గట్టిపెళ్లల దిబ్బ ఉంటుంది చూడండి, అది పెద్ద మెషీన్‌కి అసలైన పరీక్ష. ఆ దిబ్బ ఏడాదికి ఎన్నిసార్లు ఎదురవుతుందో దాన్నిబట్టి మీకు టూ స్టేజ్ కావాలో లేదో తేలుతుంది. టౌన్‌హోములో ఉండి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లే మంచు తీసేట్టయితే మెషీన్ అమ్మేసి ఆ చోట్లో సైకిళ్లు పెట్టుకోండి.

పాతది తీసేసి బ్యాటరీది కొంటే?

పెట్రోల్ గొడవ, కార్బురేటర్ గొడవ పోతాయి. ఇది చిన్న లాభం కాదు, ఈ పేజీలో సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి. రెండు కార్ల డ్రైవ్‌వే, ఆరేడు అంగుళాలు, చదును నేల అయితే ఇవాళ్టి మంచి బ్యాటరీ మెషీన్లు హాయిగా చేస్తాయి. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది కాబట్టి గరాజ్‌లో కాదు, ఇంట్లో పెట్టాలి. తడి మంచులో ఒకసారి ఛార్జి చేస్తే అరగంట, ముప్పావు గంటకి మించి ఆశించొద్దు. కొన్నేళ్లకి బ్యాటరీలు మార్చాల్సి వస్తే వందల డాలర్లు. మీ గడ్డి కోసే మెషీన్ ఈగోదో, ర్యోబీదో అయితే అదే బ్యాటరీ దీనికీ పట్టే మోడల్ ఉందేమో చూడండి. పెద్ద మంచు ప్రాంతాల్లో నడుస్తున్న పాత టూ స్టేజ్‌ని అమ్మేసి దీనికి మారమని మాత్రం నేను చెప్పను.

కొత్తదో, సెకండ్ హ్యాండో కొనాలని తేల్చుకున్నాం. ఎప్పుడు, ఎక్కడ?

ఏప్రిల్, మే. మంచు కురుస్తున్న రోజున బేరం ఉండదు, రిపేరు షాపుల్లోనూ వారాల తరబడి క్యూ ఉంటుంది. వేసవి మొదట్లో డాలస్, ఫ్రిస్కో వైపు మారిపోయే మనవాళ్లు తెలుగు గ్రూపుల్లో పెట్టే స్నో బ్లోయర్లు కనిపెట్టుకుని ఉండండి. టెక్సాస్‌కి ఎవరూ తీసుకెళ్లరు కదా!

సెకండ్ హ్యాండ్ చూడటానికి వెళ్లేటప్పుడు, వచ్చేముందు స్టార్ట్ చేసి పెట్టొద్దని చెప్పండి. వెళ్లగానే మఫ్లర్ దగ్గర చేయి పెట్టి చూస్తే వేడిగా ఉందో లేదో తెలుస్తుంది. చల్లటి ఇంజిన్ రెండు మూడు లాగులకు అందుకుంటే సగం పరీక్ష పాసైనట్టే.

మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. పాత మెషీన్ తానే నడుపుతానంటున్నారు. ఇవ్వొచ్చా?

ట్రాక్టరు నడిపిన చేతులు ఊరుకోవు, నిజమే. అయినా వద్దు. రెండొందల పౌండ్ల పాత మెషీన్‌ని గడ్డకట్టిన నేల మీద తిప్పడానికి భుజబలం కావాలి, ఆ చలిలో గుండె మీద పడే భారం వేరు. విజిటర్ ఇన్సూరెన్సు కాగితాలు చదువుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఉండలేనంటే పొడి మంచు రోజున పక్కన నిలబడి చూట్ దిశ చెప్పమనండి, అది కూడా విసిరే వైపు కాకుండా.

అయితే ఈ ప్రశ్నలో ఒక పెద్ద విషయం ఉంది. ఇంట్లో మెషీన్ నడపగలిగేది ఒక్కరే అయి, ఆ ఒక్కరు ఆఫీసు పని మీద ఊళ్లు తిరుగుతుంటే, చక్కగా నడుస్తున్న పాత మెషీన్‌ని మార్చడానికి కూడా అది సరైన కారణమే. మీట నొక్కితే చక్రం వదిలి సులువుగా తిరిగే స్టీరింగు, ఎలక్ట్రిక్ స్టార్టు ఉన్న కొత్త మెషీన్‌ని ఇంట్లో ఇంకెవరైనా నడపగలరు.

ఏ పరిస్థితిలో ఆలోచించకుండా వదిలేయాలి?

హ్యాండిల్ మీట వదలగానే ఆగర్ ఆగాలి. చాలా పాత మెషీన్లకు ఆ ఏర్పాటే లేదు, కొన్నింటిలో ఎవరో తీగతో కట్టేసి ఉంటారు. తీగ విప్పి బాగు చేయించండి. ఏర్పాటే లేని మెషీన్ ఎంత అందంగా ఉన్నా నడపొద్దు. పెట్రోల్ కారే ట్యాంకు, ట్యూబు మార్చకుండా స్టార్ట్ చేయొద్దు. తలుపు తీసి ఉన్నా సరే గరాజ్‌లో ఇంజిన్ నడపొద్దు, కార్బన్ మోనాక్సైడ్ కనిపించదు, వాసన రాదు. చూట్‌లో ఇరుక్కున్న మంచుని కర్రతోనే తీయాలి. ఇంజిన్ ఆపేసినా బెల్టు బిగువు మిగిలి ఉంటే, అడ్డు తొలగగానే ఇంపెల్లర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టులోనే వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

చివరికి కొత్తది కొన్నాం. పాతదాన్ని ఏం చేయాలి?

గేర్‌బాక్స్, డబ్బా బాగుంటే "ఇంజిన్ పోయింది, పార్టులకు" అని ఉన్నదున్నట్టు రాసి ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టండి. యాభయ్యో వందో పెట్టి ఎవరో ఒకరు ట్రక్కుతో వచ్చి తీసుకెళ్తారు. ఇంజిన్ బాగుండి డబ్బా పోయినా అంతే. ఏదీ పనికిరాకపోతే స్క్రాప్ యార్డుకి. ముందు పెట్రోల్, ఆయిల్ తీసేయాలి, వాటిని డ్రైన్లో పోయకుండా మీ కౌంటీ హానికర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. ఇంటిముందు పెడితే మున్సిపాలిటీవాళ్లు తీసుకెళ్తారేమో ఫోన్ చేసి కనుక్కోండి, ట్యాంకులో పెట్రోల్ ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోరు.